ఇల్లు మీది, పార్టీ పిల్లలది... సీసా ఎవరిది?

ఇంటర్ ఫలితాలు, ఫేర్‌వెల్‌లు, ఇంజినీరింగ్ కాలేజీల ఫ్రెషర్స్ డేలు, డిసెంబరు 31... ఏదో ఒక వంకతో ఎవరో ఒకరింట్లో పార్టీ ఉంటూనే ఉంటుంది. అక్కడ మైనర్ల చేతికి మందు అందితే ఇంటివాళ్ళ మీదికి ఏం వస్తుందని విజయవాడ, గుంటూరు పాఠకులు అడిగారు. మా న్యాయ, వైద్య సలహాదారుల జవాబులు ఇవి.

ప్రశ్న: మా వాడు ఇంటర్ పూర్తి చేశాడు. వచ్చే అక్టోబరుకు పద్దెనిమిది నిండుతాయి. ఫలితాలు వచ్చాక స్నేహితులందరూ మా మేడమీద పార్టీ చేసుకుంటామంటున్నారు. "బయటెక్కడో తాగి పడిపోయేకంటే మన కళ్ళముందు తలా ఒక బీరు తాగితే నయం కదండీ" అని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులే అంటున్నారు. మా వారు కూడా సరే అనేలా ఉన్నారు. సొంత ఇల్లు, నాలుగు గోడల మధ్య వ్యవహారం. ఇందులో చట్టం తలదూర్చేదేముంది? – ఒక గృహిణి, మొగల్రాజపురం

జవాబు: మీ ప్రశ్న పదిహేనేళ్ళ కిందట అడిగి ఉంటే జవాబు కొంచెం వేరుగా ఉండేది. 2000 నాటి బాలల న్యాయ చట్టంలో 25వ సెక్షన్, పిల్లలకు "బహిరంగ స్థలంలో" మద్యం ఇస్తే నేరమంది. శిక్ష మూడేళ్ళ వరకు. 2015లో కొత్త చట్టం తెచ్చినప్పుడు ఆ "బహిరంగ స్థలం" అన్న మాట తీసేశారు. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం 77వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్ళు నిండని ఎవరికైనా మద్యం ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. మేడమీద ఇచ్చారా, బార్‌లో ఇచ్చారా అన్న తేడా ఇప్పుడు లేదు. పొగాకు, పొగాకు వేసే హుక్కా కూడా ఇదే సెక్షన్‌లోకి వస్తాయి.

మీవాడికి అక్టోబరులో కదా నిండేది, అంటే అప్పటిదాకా చట్టం దృష్టిలో బాలుడే. నెలలు తక్కువున్నాయన్న సడలింపు లేదు. పదోతరగతి మార్కుల జాబితాలో పుట్టినతేదీ ఏదుంటే అదే లెక్క. పెద్దగా కనిపిస్తున్నాడు, మీసాలొచ్చాయి అన్న వాదనలు నిలవవు. ఇంకో అపోహ: "నా కొడుక్కి నేనిస్తే తప్పేంటి?" అని. కన్నవాళ్ళకు ఈ సెక్షన్‌లో మినహాయింపు లేదు. ఉన్న ఒకే ఒక్క మినహాయింపు అర్హత గల డాక్టరు ఆదేశం.

ఇక "ఇప్పించడం" సంగతి. గ్లాసులో పోసి చేతికందిస్తేనే నేరమనుకుంటారు చాలామంది. షాపుకు డబ్బులిచ్చి పంపడం, తెలిసిన వైన్‌షాపు వాడికి ఫోన్ చేసి "మా వాడొస్తాడు, ఓ కేసు బీర్లు ఇవ్వు" అనడం, బీరువా తాళం తీసిపెట్టి బయటికెళ్ళడం... ఇవన్నీ ఇప్పించడంగా చూపడానికి అవకాశం ఉన్నవే. మామూలు రోజుల్లో వీటికి సాక్ష్యం దొరకదు కానీ పార్టీ రాత్రి దొరికినంత ఎప్పుడూ దొరకదు. ఫోన్‌పేలో పంపిన మొత్తం, "బీర్లకి అంకులే ఇచ్చారు" అన్న వాట్సాప్ గ్రూపు మెసేజీ, అర్ధరాత్రి స్టేటస్‌లో పెట్టిన ఫొటో. ఎవరూ దర్యాప్తు చేయనక్కర్లేదు, పిల్లలే దస్తావేజు తయారుచేసి పెడతారు.

మిగతా తల్లిదండ్రుల దగ్గర "మాకు అభ్యంతరం లేదు" అని రాయించుకుంటే సరిపోతుందా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. సరిపోదు. నేరానికి వాళ్ళిచ్చే అనుమతి చెల్లదు సరికదా, పిల్లలు మైనర్లని, తాగబోతున్నారని మీకు ముందే తెలుసని ఆ కాగితమే చెబుతుంది.

కళ్ళముందు తాగితే నయమన్న మాటలో తల్లిదండ్రుల బాధ అర్థమవుతుంది. కానీ తలా ఒక బీరు అన్నప్పుడు అందులో ఎంతుందో కూడా చూడాలి. సాధారణ విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములు. 8 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో దాదాపు 41 గ్రాములు. అంటే ఒక్క బీరు నాలుగు పెగ్గులు. యాభై కిలోల కుర్రాడు దాన్ని గటగటా తాగేస్తే రక్తంలో వంద మిల్లీలీటర్లకు ఉజ్జాయింపుగా 120 మిల్లీగ్రాములు చేరుతుంది. బండి నడిపేవారికి పరిమితి 30. శరీరం గంటకు 15 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా మాత్రమే తగ్గించుకోగలదు. రాత్రి పన్నెండింటికి తాగినవాడు పొద్దున ఎనిమిదింటికి గాని పూర్తిగా మామూలు మనిషి కాడు.

పార్టీ వద్దనడం లేదు. మేడమీద బిర్యానీ, కూల్‌డ్రింకులు, పాటలు పెట్టండి. పాటలు మాత్రం రాత్రి పదికి ఆపాలి, స్పీకర్ల నిషేధం పది నుంచి ఉదయం ఆరు వరకు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలు మీరే సీలు తీసి పోయండి. పిల్లలు బయటినుంచి తెచ్చిన సీసాలు పైకి పోనివ్వకండి. కలిపి తెచ్చేది వాటిలోనే. ఇంట్లో మీవారి సీసాలుంటే ఆ పూట తాళం వేసి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: మేం రెండ్రోజులు తిరుమల వెళ్ళాం. బీటెక్ రెండో ఏడు చదివే మా అబ్బాయి (19) జూనియర్లను పిలిచి ఇంట్లో పార్టీ చేశాడు. పక్క పోర్షన్‌వాళ్ళు 112కి ఫోన్ చేస్తే పోలీసులొచ్చి వెళ్ళారు. వచ్చినవాళ్ళలో ఇద్దరికి పద్దెనిమిది నిండలేదట. కేసైతే నా మీదా, వాడి మీదా? – ఒక తండ్రి, బ్రాడీపేట

జవాబు: ముందు మీ అబ్బాయి మీద. పంతొమ్మిదేళ్ళంటే మీకు పిల్లాడే కానీ చట్టానికి పెద్దవాడు. మొదటి ఏడాది కుర్రాడికి పదిహేడుండటం మన ఇంజినీరింగ్ కాలేజీల్లో మామూలే. రెండేళ్ళ తేడా ఉన్న సీనియరు సీసా అందించినా 77వ సెక్షన్ వర్తిస్తుంది. ఈ సంగతి తల్లిదండ్రులకంటే బీటెక్ పిల్లలకు తెలియాలి.

మీ సంగతి వేరు. మీకు తెలియకుండా, మీరు లేనప్పుడు జరిగితే "ఇచ్చారు, ఇప్పించారు" అనడానికి ఆధారం కావాలి. ఇల్లు మీ పేరున ఉందన్న ఒక్క కారణం చాలదు. మందు మీరు కొనిపెట్టిందే అయితే, పార్టీ గురించి ముందే తెలిస్తే, లేదా అంతకుముందూ ఇలాగే జరిగి మీరు చూసీచూడనట్టు ఊరుకుంటే పరిస్థితి మారుతుంది.

18కీ 21కీ మధ్య వాళ్ళ గురించి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడ గందరగోళపడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి 21 నిండాలి. ఇది ఎక్సైజ్ నిబంధన, దుకాణాలకూ బార్లకూ లైసెన్సులతో ముడిపడినది. బాలల న్యాయ చట్టం గీత 18 దగ్గర. కాబట్టి మీ పంతొమ్మిదేళ్ళవాడు షాపులో కొనడమే మొదటి తప్పు, దాన్ని పదిహేడేళ్ళవాడికివ్వడం రెండోది, పెద్దది.

పోలీసులు మళ్ళీ పిలిస్తే వయసుల విషయంలో అబద్ధం చెప్పించకండి. మైనర్లను లాకప్‌లో పెట్టకూడదు, తల్లిదండ్రులకు కబురు చేయాలి. అది వాళ్ళ హక్కు. ఆ రాత్రి కొందరు పిల్లలు పోలీసులను చూసి వెనకగోడ దూకి బండ్ల మీద పోయారని మీ ఉత్తరంలోనే ఉంది. భయపడాల్సింది ముందు దానికి.

ప్రశ్న: అమ్మాయి పెళ్ళికి ముందురోజు రాత్రి సంగీత్ పెట్టుకున్నాం. మగపెళ్ళివారు మందు ఉండాలన్నారు. బావమరుదులు, మేనల్లుళ్ళు, పదిహేనేళ్ళ పిల్లలు కూడా వస్తారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక పెళ్ళికూతురి తండ్రి, పటమట

జవాబు: మందు వడ్డించే వేడుకకు ఎక్సైజ్ శాఖ ఇచ్చే ఈవెంట్ పర్మిట్ కావాలి. ఇంట్లో ఉంచుకోవడానికీ, బండిలో తీసుకెళ్ళడానికీ సీసాల సంఖ్య మీద పరిమితి ఉంది, అది ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. కాబట్టి కొనేముందే మీ ప్రాంత ఎక్సైజ్ స్టేషన్‌లో అడిగి, పర్మిట్ చేతికొచ్చాకే సరుకు కదిలించండి. తేదీ, వేళ, స్థలం పర్మిట్‌లో ఉన్నవే ఉండాలి. ఇతర రాష్ట్రాల నుంచి చవగ్గా వస్తుందని ఎవరైనా బంధువు కారులో తెస్తానంటే ఆ సాయం వద్దనండి.

హాలులో చేసే పొరపాటు ఒకటే: బల్లల మీద సీసాలు పెట్టేయడం. ఎవరు పోసుకున్నారో, ఎవరు ఎవరికి పోశారో తెలియదు. కౌంటరు ఒక్కటే పెట్టండి, వెనక గోడ ఉండేలా, భోజనాల వైపు కాకుండా. పోసేవాడు పెద్దవాడై ఉండాలి, మీ మొహం చూసి మొహమాటపడని వాడైతే మరీ మంచిది. 21 దాటినవాళ్ళకు లోపలికొచ్చేటప్పుడే చేతికి పట్టీ కట్టించండి. పట్టీ లేని చేతికి గ్లాసు లేదు. "వాళ్ళ బాబాయికట" అని గ్లాసు పట్టుకెళ్ళడానికి వచ్చే కుర్రాళ్ళను అక్కడే ఆపాలి. ఎవరి గ్లాసు వాళ్ళే వచ్చి తీసుకోవాలి. పట్టీ కట్టుకోను, నన్నే వయసడుగుతారా అని అలిగే పెదనాన్న ప్రతి పెళ్ళిలోనూ ఒకరుంటారు. ఆయనకు పెళ్ళికొడుకు చేతే కట్టించండి.

కౌంటరు ఎంత పకడ్బందీగా పెట్టినా మన ఫంక్షన్లలో అసలు బారు పార్కింగ్‌లో, కారు డిక్కీలో ఉంటుంది. పిల్లలకు మందు అందేది ఎక్కువగా అక్కడే. పార్కింగ్‌లో లైట్లు వేయించి, రాత్రంతా అక్కడే ఉండేలా ఒక మనిషిని పెట్టండి. మీ తమ్ముణ్ణి కాదు, ఆయన్నీ డిక్కీ దగ్గరికే పిలుస్తారు.

కేటరింగ్ కుర్రాళ్ళ వయసు కూడా అడగండి. సెలవుల్లో వడ్డనకు వచ్చే వాళ్ళలో ఇంటర్ పిల్లలుంటారు. మైనరు చేత మద్యం మోయించినా, అందించినా 78వ సెక్షన్, దానికీ ఏడేళ్ళ వరకు శిక్షే. "ఒరేయ్, ఆ ట్రే అటు తీసుకెళ్ళు" అన్నంత తేలిక కాదది. మందు వైపు పద్దెనిమిది దాటినవాళ్ళే ఉంటారని కేటరర్‌తో ఒప్పందంలోనే రాయించుకోండి. ఇంటి దగ్గర పదహారేళ్ళ కుర్రాణ్ణి పిలిచి "షాపుకెళ్ళి రెండు సీసాలు పట్రా" అని పంపేవాళ్ళకూ ఈ సెక్షనే.

ప్రశ్న: పార్టీలో ఎక్కువ తాగిన పిల్లవాణ్ణి స్నేహితులు భయపడి గదిలో పడుకోబెట్టేస్తారు. పొద్దునకు దిగిపోతుందంటారు. ఆసుపత్రికి తీసుకెళ్తే కేసవుతుందని భయం. ఎంతవరకు ఆగవచ్చు? – ఒక అధ్యాపకుడు, గుంటూరు విద్యానగర్

జవాబు (వైద్య సలహాదారు): ఆగకూడదు. చివరి గుక్క తాగాక కూడా కడుపులో ఉన్న మందు గంటకు పైగా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే సోఫాలో కూలబడినప్పుడు మాట్లాడినవాడు అరగంట తర్వాత పలకకపోవచ్చు.

గట్టిగా పిలిచి, భుజం తట్టి, చెవి తమ్మె గిల్లి చూడండి. కళ్ళు తెరవకపోతే అది నిద్ర కాదు. ఛాతీ మీద చూపు పెట్టి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ఎనిమిది కంటే తక్కువ ఉన్నా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లకు మించి ఎడం వచ్చినా, పెదాలు, గోళ్ళు నీలంగా మారినా, ఒళ్ళు చల్లబడినా, మూర్ఛ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేకుండానే వాంతి చేసుకుంటుంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ఫోన్ చేసేయండి.

బండి వచ్చేలోపు ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టండి. పై కాలు మోకాలి దగ్గర మడవండి, తల కొంచెం వెనక్కి, నోరు నేలవైపు ఉండాలి. వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ మరణాల్లో ఎక్కువగా జరిగే ప్రమాదం అదే. దగ్గు, గుటక మందగించి ఉంటాయి కాబట్టి నోట్లో ఏమీ పోయకూడదు. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ ఏదీ మందును దించదు. ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం మరీ ప్రమాదం. బాత్రూమ్‌లో నిలబెట్టి తలమీద నీళ్ళు గుమ్మరిస్తే ఒంటి వేడి ఇంకా పడిపోతుంది, జారి తల పగిలే అవకాశమూ ఉంది.

పిల్లల్లో ఇంకో చిక్కుంది. కాలేయం ఆల్కహాలును విరిచే పనిలో పడి రక్తంలోకి చక్కెర వదలలేదు. ఏమీ తినకుండా తాగినవాడికి షుగరు హఠాత్తుగా పడిపోయి ఫిట్స్ రావచ్చు. అది గ్లూకోమీటరుకే తెలుస్తుంది తప్ప చూస్తే తెలియదు.

విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రికైనా, గుంటూరు జీజీహెచ్‌కైనా తీసుకెళ్ళినప్పుడు ఏం తాగాడు, ఎంత, ఎన్ని గంటలకు, ఏమైనా మాత్రలు వేసుకున్నాడా, పడ్డాడా అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. సీసా ఉంటే వెంట తీసుకెళ్ళండి. చూపు మసకగా ఉందంటే తప్పక చెప్పాలి, కల్తీ మందులో మిథనాల్ ఉంటే మొదట దెబ్బతినేది కంటిచూపే. ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇవ్వొచ్చు, నిజమే. కానీ పిల్లవాడు బతికి ఉంటే ఒక కేసు. గదిలో తలుపేసి వదిలేస్తే నిర్లక్ష్యం వల్ల మరణం అన్న కేసు కూడా తోడవుతుంది, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ళ వరకు శిక్ష.

ప్రశ్న: కరకట్ట పక్కన మా గెస్ట్‌హౌస్‌లో మావాళ్ళు పార్టీ చేసుకుని అర్ధరాత్రి బండ్ల మీద మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్తుంటారు. దారిలో ఏమైనా అయితే మాకేమిటి సంబంధం? – ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షన్ తాగి నడిపినవాడికి: మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. ఎవరూ చదవనిది 188వ సెక్షన్. తాగి నడపడానికి ప్రేరేపించినవాడికీ అదే శిక్ష. "ఏం కాదులే, నువ్వు బాగానే ఉన్నావు, పోనీయ్" అని తాళాలు చేతిలో పెట్టడం ఆ మాట కిందికి రావచ్చు. నడిపింది మైనరైతే 199ఏ సెక్షన్ కింద సంరక్షకుణ్ణో, బండి యజమానినో నేరస్థుడిగా భావిస్తారు: మూడేళ్ళ వరకు జైలు, పాతికవేల జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లవాడికి పాతికేళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు. నాకు తెలియదని నిరూపించుకోవాల్సింది యజమానే. బండికి జరిగిన నష్టానికి బీమా కూడా రాదు.

2024 మే 19న పుణెలో పదిహేడేళ్ళ కుర్రాడు నడిపిన కారు ఢీకొని ఇద్దరు చనిపోయినప్పుడు తండ్రి మీదా, మద్యం ఇచ్చిన బార్లవాళ్ళ మీదా బాలల న్యాయ చట్టం కిందే కేసులు పెట్టారు.

వచ్చినవాళ్ళ తాళాలన్నీ గేటు దగ్గరే ఒక డబ్బాలో వేయించి, పొద్దున ఇవ్వండి. పరుపులు వేసే చోటు లేకపోతే అంతమందిని పిలవకండి.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో, అబ్బాయి డాలస్‌లో ఉంటారు. ఈ వేసవిలో వెళ్తున్నాం. అక్కడ ఇంట్లో పార్టీకి కూడా ఇంటివాళ్ళను పట్టుకుంటారట, నిజమేనా? – ఒక విశ్రాంత ఉద్యోగి, లక్ష్మీపురం

జవాబు: నిజమే. అక్కడ గీత 21 దగ్గర, 18 కాదు. మన దగ్గర్నుంచి చదువుకోవడానికి వెళ్ళిన పంతొమ్మిది, ఇరవయ్యేళ్ళ పిల్లలు అందుకే చిక్కుకుంటారు. న్యూజెర్సీలో 21 లోపువారికి మద్యం ఇస్తే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి డాలర్ల వరకు జరిమానా. సొంత ఇంట్లో తల్లిదండ్రులు తమ పిల్లలకిస్తే మినహాయింపు ఉంది కానీ వాళ్ళ స్నేహితులకు కాదు. టెక్సస్‌లో ఏడాది వరకు జైలు, నాలుగువేల డాలర్ల వరకు జరిమానా. పక్కనే ఉన్న తల్లిదండ్రులకు అక్కడా మినహాయింపు ఉంది, తాతగారికి లేదు. కాబట్టి మనవడికి "ఒక్క గుక్క రుచి చూడరా" అనకండి. అదే టెక్సస్‌లో పద్దెనిమిది నిండనివాడు మీవాళ్ళింట్లో తాగి ఎవరినైనా గుద్దితే, తెలిసీ తాగనిచ్చినందుకు నష్టపరిహారం దావా కూడా వేయొచ్చు.

కాలిఫోర్నియాలో చాలా నగరాలు, కౌంటీలు ఇంకో అడుగు ముందుకేసి సోషల్ హోస్ట్ ఆర్డినెన్సులు, అంటే పార్టీ జరగనిచ్చినవాళ్ళనే బాధ్యులను చేసే స్థానిక చట్టాలు చేసుకున్నాయి. అక్కడ ఎవరు పోశారన్నది తేల్చనక్కర్లేదు. 21 లోపువాళ్ళు తాగే పార్టీ మీ చోట జరగనిచ్చారా లేదా, అంతే. జరిమానాతోపాటు పోలీసులు వచ్చివెళ్ళిన ఖర్చు కూడా రాబట్టే నగరాలున్నాయి. మన చట్టంలో అలాంటి ప్రత్యేక ఏర్పాటు లేదు, కానీ శిక్ష మనదే పెద్దది.

అబ్బాయికి ఒక మాట చెప్పండి: తాగి నడిపి అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకుంది.

ప్రశ్న: జలుబు చేస్తే పసిపిల్లలకు చెంచాడు బ్రాందీ, పండక్కి ఊళ్ళో గ్లాసెడు తాటికల్లు... ఇవీ నేరమేనా? – ఒక పాఠకురాలు, పెనమలూరు

జవాబు: పాత చట్టంలో "జబ్బు చేసినప్పుడు" అన్న మినహాయింపు ఉండేది, 2015లో అదీ పోయింది. కల్లూ మత్తుపానీయమే. అమ్మమ్మ మీద కేసు పెట్టడానికి ఎవరూ రారు గానీ, పసివాడికి చెంచాడు బ్రాందీతో షుగరు పడిపోవడం మాత్రం నిజం. జలుబుకు అది చేసే మేలు లేదు.

ప్రశ్న: కానూరులో మా మేడమీది మూడు గదులు ఇంజినీరింగ్ పిల్లలకు అద్దెకిచ్చాం. శనివారం వస్తే సీసాల చప్పుడు. మా పూచీ ఎంత? – ఒక ఇంటి యజమాని

జవాబు: అద్దె తీసుకున్నంత మాత్రాన మీరు ఇచ్చినట్టు కాదు. కానీ తెలిసీ ఊరుకున్నారనిపించుకోకండి. ఆధార్ జిరాక్సులు తీసుకుని పుట్టినతేదీలు చూడండి, పద్దెనిమిది నిండనివాడుంటే ఒప్పందం వాడి తండ్రితో చేసుకోండి. గదుల్లో మద్యం ఉండకూడదని, బయటివాళ్ళు రాత్రి పది దాటాక ఉండకూడదని, తప్పితే నెల నోటీసుతో ఖాళీ చేయాలని రాయించండి. మొదటిసారి గొడవ అయినప్పుడే తల్లిదండ్రులకు వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపి, ఆ మెసేజీ చెరపకుండా ఉంచుకోండి. ఫోన్లో చెప్పాం అన్నది తర్వాత ఎవరికీ గుర్తుండదు.